బోర్లించిన గ్లాసు

విజయా,

ఇవాళ నీ సంవత్సరీకం. చిట్టమూరు నుంచి మీ అత్తగారు కూడా వచ్చారు. పులికాట్ సరస్సు గాలికి దీపం నిలవదని తలుపు మూసి, నువ్వు పాఠాలు చెప్పిన బాలవాడి పిల్లలతో తీయించుకున్న ఫోటో ముందు ప్రమిద వెలిగించాను. అందరం దండం పెట్టుకుంటుంటే, నా దగ్గర పెరుగుతున్న నీ కూతురు గాజుగ్లాసు తెచ్చి దీపం మీద బోర్లించింది.

"అయ్యో, అమ్మ దీపం ఆర్పేస్తా ఉండాదే!" అని మీ అత్తగారు కేక పెట్టారు.

మంట కుంచించుకుపోతోంది. పాప చెయ్యి గ్లాసు మీదే ఉంది. నేను ఆ చెయ్యి పట్టి ఇవతలికి లాగి, అందరి ముందూ వీపు మీద ఒక్కటిచ్చాను. ఈలోగా గ్లాసు కింద దీపం ఆరిపోయింది.

"నేను తీసేదాన్నే పెద్దమ్మా! నువ్వే లాగేసినావు" అని పాప ఏడ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. దీపానికీ మనలాగే గాలి కావాలని బాలవాడిలో నువ్వు పసిపిల్లలకు నేర్పిన ఆట అది. మంట చిన్నదవగానే గ్లాసు ఎత్తేస్తే దీపం మళ్ళీ లేస్తుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. నేనూ ఎన్నిసార్లు చూశాను! అయినా, "తల్లి లేని బిడ్డ, దానికేం తెలుసు" అని మీ అత్తగారు అంటుంటే తలూపాను. ఆ తర్వాత నీ ఫోటో వైపు చూడలేకపోయాను.

సాయంత్రం అందరూ వెళ్ళాక మళ్ళీ ప్రమిద వెలిగించి, గ్లాసు పాప ముందు పెట్టాను.

"ఆడుకోమ్మా, పెద్దమ్మ ఏమీ అనదు" అన్నాను.

పాప రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.