బండ మీద మూడు గాట్లు

మద్రాసు, 12-8-1934.

లేవి అన్నకు తమ్ముడు సమూయేలు వందనాలు. ఇక్కడ నేను క్షేమం.

"ఆ రొదలో కండ్లు మూసుకుని ప్రార్థన చేసుకునే జాగా యాడన్నా ఉండాదా? లేకుంటే వచ్చెయ్" అని పంతులుగారి చేత రాయించావు. దొరికింది, దిగులుపడకు. సముద్రపు ఒడ్డున జనం, చర్చి పక్కన ట్రాము గంటలు. చివరికి గూడ్సు షెడ్డు వెనక, మన కడప బండలు దించి పేర్చే దొడ్డిలో దొరికింది. ఆదివారం అక్కడికి బండ్లు రావు. చల్లటి బండ మీద కాసేపు కూర్చుంటే వారమంతా చెవుల్లో మోగిన మిల్లు చప్పుడు దిగిపోతుంది.

మొదటిరోజు ఆ దొడ్డికి కావలి ఉండే మస్తాన్ సాయిబు అడ్డుపడ్డాడు. ఆయనది పత్తికొండ. "ఏమప్పా, బండ కొంటావా, ఊరికే కూచుంటావా?" అన్నాడు. బండ అంచున నువ్వు ఉలితో పెట్టే మూడు గాట్ల గుర్తు చూపించి, ఇది మా అన్న కొట్టిన బండ అన్నాను. వేలితో తడిమి చూసి, "అట్లయితే ఇది మీ ఇంటి అరుగే గదప్పా, కూచో" అన్నాడు.

ఎవరైనా ఇటు వస్తుంటే కొర్రలు, చింతకాయ తొక్కు పంపమని వదినతో చెప్పు. ఎర్రావు ఈనిందా? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా?

ఇంకొక్క మాట. పాత బండల మీద నీ గాట్లు మూడూ సమంగా ఉన్నాయి. ఈ వారం దిగినవాటిలో ప్రతి బండకూ మూడోది పక్కకు జారింది. కంట్లో రాతి ముక్క పడిందా? వెంటనే జమ్మలమడుగు మిషను ఆసుపత్రికి పో. ప్రభువు నీ చూపు కాపాడుగాక. అంతా క్షేమమని కార్డు రాసింది పంతులుగారు. ఆ గాట్లు పెట్టింది నువ్వు.