కండ్లు మూసుకున్న అక్క

చెల్లె సుగుణా,

నువ్వు పోయి ఇయ్యాళకు ఆరేండ్లు. పొద్దుగాల తాండూరుల రైలెక్కి, వికారాబాద్ గుట్ట మీది క్షయ దవాఖానకు పోయిన. కొత్త సూదులొచ్చి ఇప్పుడు చానామంది నయమై ఇంటికి పోతున్నరు. నువ్వు పండుకున్న మంచం మీద బాలమణి అని కొడంగల్ పిల్ల ఉన్నది.

"భయమైతుంది పెద్దమ్మా" అన్నది. నేను అలవాటుగ కండ్లు మూసి "ప్రభువా" అని మొదలువెట్టిన.

"జర ఆగు పెద్దమ్మా. దేనికి భయమో నన్నడగకుండ దేవునికి ఏం చెప్తవ్?" అని దగ్గుకుంటనే నవ్వింది.

నాకు తల దించుకోబుద్ధయింది. నువ్వు గూడ "అక్కా, భయమైతుంది" అని ఎన్నిసార్లన్నవో. అన్నప్పుడల్ల నేను ప్రార్థన అందుకున్న. ఆమెన్ అనేటాళ్లకు నువ్వు గోడ దిక్కు తిరిగేదానివి. నిమ్మళమైందనుకుని నేను రైలుకు లేచేదాన్ని.

ఇయ్యాళ కండ్లు తెరిచి అడిగిన. ఇంటికాడున్న చిన్నబిడ్డ తన మొకం మరిచిపోతదేమోనని ఆ పిల్ల భయం. చెప్పుకుంట చెప్పుకుంట నా చెయ్యి పట్టుకున్నది. రైలు తప్పినా కూసున్న.

నీ భయం దేనికో నాకు తెల్వదు సుగుణా. ఇప్పుడు నీ కోసం మోకాళ్లేసినా, ఏమని ప్రార్థించాల్నో తోస్తలేదు.

మీ పెద్దక్క