మూడు కొట్టి ఆగిన గంట

మట్టెవాడ, వరంగల్,
14 నవంబరు 1982.

మహారాజశ్రీ సినీ రచయిత కృపానందం గారికి, బడిపంతులమ్మ ఎస్తేరు ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాయునది. ఇక్కడ మేము కుశలం. మద్రాసులో మీరు, మీ అమ్మగారు సారమ్మ గారు కుశలమని తలుస్తాను.

ఈ గారూ గీరూ ఇంతటితో చాలు. నిన్ను చంకనేసుకుని జొన్నచేల గట్ల మీద తిప్పినదాన్ని, నీ ముక్కు నా లంగా అంచుతో తుడిచినదాన్ని. మీరు అని రాస్తుంటే కలం సాగడం లేదు, తమ్ముడూ. ముప్పై నాలుగేళ్లుగా మన రెండిళ్ల మధ్య మాటల్లేవు. నీ అడ్రసు కూడా తెలియదు. సినిమా కంపెనీ పేరున పంపుతున్నాను, చేరితే చేరుతుంది.

నీ సినిమా ఇక్కడ ఏడో వారం ఆడుతోంది. మొన్నటిదాకా నాలుగుసార్లు వెళ్లాను, ఒక్కసారీ పూర్తిగా చూడలేదు. గంట సీను రాబోతుందనగానే లేచి వచ్చి సోడాబండి దగ్గర నిలబడతాను. గోడ అవతలి నుంచి గంట వినబడుతూనే ఉంటుంది. కడుపులో బాగాలేదా టీచరమ్మా అని సోడా అతను రెండోసారే అడిగాడు. బాగానే ఉందన్నాను. తిరిగి లోపలికి వెళ్తే నా కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు.

రజాకార్ల రోజుల్ని మంత్రాల కథ చేశావు. మన ఊరు కొండ మీద కోట అయింది. చర్చి రాతిమంటపం అయింది. తుపాకులతో వచ్చినవాళ్లు ముఖాల్లేని గుర్రపు రౌతులయ్యారు. పేర్లన్నీ మార్చినా, అది ఏ ఊరో ఏ కాలమో నాకు మొదటి రీలులోనే తెలిసిపోయింది. మంటపంలో చిక్కుకున్న జనమంతా పావురాలై కప్పు చీల్చుకుని ఎగిరిపోతుంటే హాలు హాలంతా చప్పట్లు. రెండు పావురాలకు మాత్రం తీగ కనబడింది. ఆ తప్పు ఎర్రసిరాతో గీయకపోతే నేను పంతులమ్మనెట్లా అవుతాను?

నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది గంట కొట్టే ఆ గూనివాడు.

నువ్వప్పుడు అయిదేళ్ల పిల్లాడివి, నీకెంత గుర్తుందో తెలియదు. మన ఊళ్లో గంట రెండు రకాలుగా మోగేది. మూడు కొట్టి ఆగి, మళ్లీ మూడు కొడితే ప్రార్థనకు రమ్మని. ఆపకుండా కొడితే ఆపద వచ్చింది, చేలల్లోకి పారిపొమ్మని. నలభై ఎనిమిదిలో, ఆ రోజు తుపాకులవాళ్లు వస్తుంటే మోగింది ప్రార్థన గంట. పారిపోవలసిన జనం చర్చికి వచ్చారు. పదకొండు మంది పోయారు, అందులో మీ నాయన సుందర్ రావు చిన్నాయన ఒకరు. గంట కొట్టే మనిషి మా నాన్న ప్రభుదాసు. అమ్ముడుపోయాడని ఊరు తీర్మానించింది. ఆ వారమే మేం ఊరు విడిచాం.

నీ సినిమాలో గంట కొట్టేవాడికి గూని, వంకర ముక్కు, నడుముకు రౌతులిచ్చిన బంగారం. వాడు కనబడితే చాలు, బెంచీల వాళ్లు తెర మీదికి చెప్పులు విసురుతున్నారు. అన్నీ కల్పించావు గానీ గంటను మాత్రం కల్పించలేదు. మూడు కొట్టి ఆగుతుంది. అంత చిన్నప్పటిది ఎట్లా గుర్తుంచుకున్నావురా?

నాన్నకిప్పుడు డెబ్బై ఎనిమిది. నా దగ్గరే ఉంటాడు, ఇరుగుపొరుగు వాళ్లకు నవారు మంచాలు అల్లిపెడతాడు. గోడ మీది పోస్టరులో నీ పేరు ఎవరో చదివి వినిపించారట. ఆనాటి నుంచి ఒకటే పోరు, సుందర్ రావు కొడుకు సినిమాకు తీసుకపొమ్మని. ఒకరోజు టికెట్లు దొరకలేదన్నాను, ఇంకోరోజు బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడన్నాను. అబద్ధాలు అయిపోయాయి. అన్నం పొయ్యి మీద పెట్టి మర్చిపోతున్నాను. పిల్లల లెక్కలు తప్పుగా దిద్దుతున్నాను.

మొన్న గురువారం ఇక తప్పక రిక్షాలో మ్యాట్నీకి తీసుకువెళ్లాను. ఈసారి నేనూ లేవలేదు. గంట మొదలు కాగానే నాన్న ఒడిలో వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. పక్క సీటు పెద్దమనిషి గూనివాణ్ణి తిట్టి తిట్టి, ఇట్లాంటి వాణ్ణి నరికినా పాపం లేదు కదా అని నాన్ననే అడిగాడు. నాన్న అవునన్నట్టు తలూపాడు. నాకు నేల కుంగితే బాగుండుననిపించింది. పావురాలు ఎగిరినప్పుడు మాత్రం ఆయన లేచి నిలబడ్డాడు. వెనకవాళ్లు కూర్చోమని కేకలేసినా కూర్చోలేదు.

రిక్షా చౌరస్తా దాటింది. ఆ తర్వాత, “పిలగాడు మంచిగ తీసిండు బిడ్డా. అందరు బతికిన్రు,” అన్నాడు. ఇంకాసేపటికి, ఆ గూని ఒక్కటే నచ్చలేదన్నాడు, తన నడుము ఇప్పటికీ నిటారుగానే ఉందట. నేను నవ్వలేకపోయాను. నా చెయ్యి పట్టుకుని, “ఇగ నువ్వు ఫికర్ జెయ్యకు,” అన్నాడు.

వంద రోజులు ఆడితే పండుగకు నువ్వు వరంగల్ వస్తావని పేపర్లో చూశాను. మట్టెవాడలో నవారు తాత ఇల్లని ఎవరిని అడిగినా చూపిస్తారు. వచ్చి ఆయన ముందు ఒక్కసారి కూర్చో. అడిగేది అంతే. ఆయన ఎన్నాళ్లుంటాడో తెలియదు.

అమ్మకు నా వందనాలు చెప్పాలో వద్దో నువ్వే చూసుకో.

ఇట్లు,
ఒకప్పుడు నువ్వు అక్కా అని పిలిచిన
ఎస్తేరు

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. ఆ రోజు నాన్న చలిజ్వరంతో కదల్లేక ఉన్నాడు. దూరంగా దారిలో తుపాకులవాళ్ల దుమ్ము కనబడితే ఆపకుండా కొట్టమని నన్ను పంపాడు. నాకు పదకొండేళ్లు. రోజూ పొద్దుగూకేటప్పుడు ప్రార్థన గంట కొట్టేదాన్ని నేనే. దుమ్ము చూశాను, తాడు పట్టుకున్నాను, భయంలో నా చేతులు రోజూ కొట్టినట్టే కొట్టాయి. మూడు కొట్టి ఆగాను. నాన్న పడుతూ లేస్తూ వచ్చేసరికే జనం లోపలికి వచ్చేశారు. నన్ను వెనక గోడ మీది నుంచి అవతలికి తోశాడు. ఊరు నిలదీస్తే కొట్టింది తానేనన్నాడు. నన్ను బైబిలు మీద చెయ్యి పెట్టించి నోరు మూయించాడు. ఇవాళ ఆ ఒట్టు తప్పాను.

నీకు అన్నం తినిపిస్తూ మీ అమ్మ వెనకబడింది కాబట్టి మీరిద్దరూ మిగిలారు. మీ నాయన ముందు వచ్చాడు. నన్ను దాటి లోపలికి పోతూ నా తల నిమిరి, “ఇయ్యాల జల్ది కొట్టినవేంది బిడ్డా?” అని అడిగాడు. నేనింకా తాడు పట్టుకునే ఉన్నాను.