పంతొమ్మిది చోట్ల చలికాపు

కింగ్ విలియమ్స్ టౌన్,
11 ఆగస్టు 1998, మంగళవారం.

మొక్కజొన్న ముద్ద ఊది చల్లార్చి నా నోట్లో పెట్టిన నాయనమ్మా,

ఈ ఉదయం మా పుస్తకాల ఆఫీసు తలుపు తీస్తే అడుగు పెట్టడానికి చోటు లేదు. వచ్చే వారం రావలసిన పుస్తకాలు అప్పుడే వచ్చేశాయి. నిన్న సెలవు కదా, అచ్చాఫీసు వాళ్ళు శనివారమే తెచ్చి, వాచ్‌మన్ చేత తలుపు తీయించి, గుమ్మం దాకా అట్టపెట్టెలు పేర్చి పోయారట. పెట్టెలు కట్టే ఫకామిసా అన్న వాటి మీదుగా దూకి లోపలికి వెళ్ళి, "రావమ్మా రచయిత్రి మనవరాలా! మీ నాయనమ్మ వచ్చి మా దారికి అడ్డంగా కూర్చుంది చూడు" అన్నాడు. కత్తితో పై పెట్టె కోసి, మొదటి పుస్తకం నా చేతిలో పెట్టాడు. అట్ట మీద తాబేలు, వెనకాల మన కొండ, కింద "కథ చెప్పినది: నోఫెజిలే". నీ పేరు అంత పెద్ద అక్షరాల్లో నేనెప్పుడూ చూడలేదు. కొత్త సిరా వాసన వస్తోంది. లోపలి గదిలోంచి ఈ ఆఫీసు నడిపే తోంగానా మేడమ్, "చూసి మురిసింది చాలు, ఆ గ్లాసు ఇలా తెచ్చిపెట్టు" అని కేకేసింది. నేను మురిసిపోలేదు నాయనమ్మా. మూడో పేజీ తీసి చూసి, మళ్ళీ మూసేశాను.

ఇక్కడినుంచి కూర్చుని చదువు. పక్కన ఎవరూ లేకుండా చూసుకుని చదువు. సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చినప్పటినుంచి నువ్వు ఏది చదివినా పైకే చదువుతావని నాకు తెలుసు. అందుకే ఆ మాట ఈ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. నీ నోట అనుకోకుండా వస్తుందని భయపడనక్కర్లేదు.

నీ కథలో చలికాపు పంతొమ్మిది చోట్ల ఉంది. పుస్తకంలో ఒక్క చోటా లేదు.

తూర్పు కొండ మీదినుంచి మన గుమ్మంలో వెలుగు పోసేదాన్ని లోకమంతా ఏమంటుందో అదే మా ముత్తాత పేరు. మామగారి పేరు కోడలి నోట రాకూడదు, ఆ పేరు దాగున్న మాట కూడా రాకూడదు. అందుకని నువ్వు ఈ ఇంట అడుగు పెట్టినప్పటినుంచి దాన్ని చలికాపు అంటున్నావు. నీ చేతుల్లో పెరిగాను గనక నేనూ అదే అన్నాను. కొండెక్కి చలికాపుని లేపుతానని బయలుదేరి, నెమ్మదిగా పాకి పాకి, మిట్టమధ్యాహ్నానికి పైకి చేరి, "చూశారా, నేనే లేపాను!" అని గొప్పలు చెప్పుకున్న తాబేలు కథని నువ్వు చెబుతుంటే నోటుపుస్తకంలో రాసుకున్నప్పుడు కూడా నీ మాటే రాశాను.

మే నెలలో, బళ్ళకీ లైబ్రరీలకీ పుస్తకాలు ఎంచే సంఘం నుంచి కాగితం వచ్చింది. ఆ మాట మార్చమన్నారు. మార్చకపోతే పుస్తకం జాబితాలో ఉండదు, మూడు వందల బళ్ళకీ వెళ్ళదు. తోంగానా మేడమ్ నాకు ఆ కాగితం ఇచ్చి, "కథ ఆవిడది. ఆవిడ ఒప్పుకోకుండా నేను కామా కూడా కదపను. వెళ్ళి అడిగి సంతకం పట్రా" అంది. ఆ శనివారం నేను వచ్చాను, గుర్తుందా? నువ్వు వాకిట్లో కంకులు ఒలుస్తున్నావు. "ఏమే, చిక్కిపోయావు, పుస్తకాలు తింటున్నావా?" అన్నావు. తిన్నాను, పడుకున్నాను, తిరిగి వచ్చేశాను. కాగితం సంచిలోంచి తీయలేదు. అడిగితే నువ్వేమంటావో తెలుసు.

సోమవారం ఉదయం నీ సంతకం నేనే పెట్టాను. నీ పేరులో మొదటి అక్షరం నీ చెయ్యి పట్టుకుని దిద్దించింది నేనే కదా, ఆ వంకర నాకు బాగా తెలుసు. ఎడమ చేత్తో పెడితే అచ్చం నీదే. తరవాత పంతొమ్మిది చోట్లా ఆ మాట కొట్టేసి, లోకం మాట పెట్టాను.

ఇప్పుడు నాకు దారి కనపడటం లేదు. శుక్రవారం మన బడిలో లైబ్రరీ గది తెరుస్తారు. నోటుపుస్తకంలోంచే చదువుతావనుకున్నాను, పుస్తకాలు ముందే వచ్చాయి గనక హెడ్మాస్టరు నీ చేతికి కొత్త పుస్తకం ఇచ్చి చదవమంటాడు. రెండు నెలలుగా నువ్వు నా నోటుపుస్తకం చూసి సాధన చేస్తున్నావు. అక్కడ అచ్చులో చూస్తే ఆ మాట ఉంటుంది. ముందు వరుసలో తాతయ్య తమ్ముడు టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ఆయన ఎదుట ఆయన తండ్రి పేరు పలకాలి, లేకపోతే నోరు మూసుకుని నిలబడాలి. నిలబడితే పట్నం నుంచి వచ్చినవాళ్ళు ఈ ముసలమ్మకి చదవడం రాదనుకుంటారు. అదే నాకు భరించలేకుండా ఉంది. మేడమ్‌కి నిజం చెబితే పుస్తకాలు ఆపేస్తుంది, నన్ను పంపేస్తుంది. చెప్పకపోతే నువ్వు అక్కడ నిలబడాలి. పెట్టెల మధ్య నేల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఎటు తిరిగినా మోచేతికి అట్టపెట్టే తగులుతోంది.

ఒక పని చెయ్యి నాయనమ్మా. శుక్రవారం జ్వరమని చెప్పు. నీ బదులు నేను చదువుతాను. నేను ఈ ఇంటి కోడల్ని కాదు, నా నోటికి అడ్డు లేదు.

మన ఊరికి టాక్సీ నడిపే వెలీలే చేతికి ఇది ఇస్తున్నాను.

నీ దగ్గర ఏదీ దాచలేని, అయినా మూడు నెలలు దాచిన
లిందెల్వా

*

ఇంటి దగ్గర,
బుధవారం.

లిందెల్వా,

బాగున్నాను. కోళ్ళు బాగున్నాయి. నా చేత్తోనే రాస్తున్నాను, నిన్న సాయంత్రం మొదలుపెట్టాను. వెలీలే ఉత్తరమిచ్చి, "రేపు జవాబు కోసం హారన్ కొడతాను ముసలమ్మా, గంటసేపు కొట్టించకు, బండిలో జనం నన్ను తిడతారు" అన్నాడు. అందుకే కొంచెమే రాస్తా.

పైకే చదివాను. కోళ్ళు విన్నాయి. ఎవరికీ చెప్పవులే.

నాకు జ్వరం లేదు. జ్వరం వచ్చినా వస్తాను. కొత్త చెప్పులు కొనుక్కున్నాను.

నా సంతకం నేను పెడితే ఏదో అక్షరం తప్పుతుంది, నువ్వు పెడితే అందులో తప్పుండదు. మీ మేడమ్ అక్కడే పట్టుకోవాల్సింది.

నువ్వు ఏం కోశావో నీకు తెలీదు. నేను చెప్పలేదు కాబట్టి తెలీదు, సగం తప్పు నాది. ఆ కథ నాది కాదే. మా అమ్మ చెప్పింది, ఆమెకి వాళ్ళమ్మ చెప్పింది. తాబేలు వాళ్ళది, గొప్పలు వాళ్ళవి. అట్ట మీద నా పేరు చూస్తే మా అమ్మ పడీ పడీ నవ్వుతుంది.

నేను కాపరానికొచ్చిన మూడో రోజు. ఇలాంటి చలే. తీగ మీద బట్టలు తీసి లోపలికి తెస్తుంటే మా అత్త, "తడి ఆరకుండా ఎందుకు తెస్తున్నావ్?" అంది. అది కొండ దిగిపోయిందని చెప్పాలి. మాట నాలుక చివరకొచ్చింది. పెద్ద తోటికోడళ్ళు ఇద్దరూ పిండి రుబ్బడం ఆపేశారు. "ఊఁ, చెప్పు కొత్తకోడలా, నోరు పడిపోయిందా?" అంటోంది ఒకతి. నేను తప్పు పలికితే పుట్టింటికి పంపి జరిమానాగా కోడిని తెమ్మంటారు, నవ్వుకోవచ్చని చూస్తున్నారు. నా వేళ్ళు చలికి కొంకర్లు పోతున్నాయి. "చలికాపు దిగిపోయింది అత్తా" అన్నాను. ఎక్కణ్ణించి వచ్చిందో. మా అత్త బట్టలు అందుకుని, "బాగుందే" అంది. నెల తిరక్కుండా ఆ తోటికోడళ్ళు కూడా అదే అనడం మొదలెట్టారు.

నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఈ ఇంట్లో చీపురు నాది కాదు, కుండ నాది కాదు. నోఫెజిలే అనే పేరు కూడా వీళ్ళు పెట్టిందే. ఆ ఒక్క మాట నేను చేశాను.

అట్ట మీద నా పేరు ఉంచి, లోపల నన్ను తీసేశావు.

ఒకటి అడుగుతా. ఆ సంఘం వాళ్ళు పంపిన కాగితం నీ దగ్గరుంటుంది. నువ్వు చిత్తుకాగితం కూడా పారేయవు. వాళ్ళు ఏమని రాశారో అక్షరం పోకుండా రాసి పంపు. ఊహించకు, ఉన్నది ఉన్నట్టు చదువు అని మా బడి పంతులమ్మ నాకు రోజూ చెబుతుంది. నువ్వు నాకంటే ఎక్కువ చదివావుగా.

శుక్రవారం నేనే చదువుతాను. అచ్చులో ఏముంటే నాకేం. నా నోట్లో ఉన్నదే బయటికొస్తుంది.

హారన్ కొడుతున్నాడు.

నోఫెజిలే
(ఈ సంతకం నాది)

*

కింగ్ విలియమ్స్ టౌన్,
13 ఆగస్టు 1998, గురువారం.

చలికాపు చేసిన నాయనమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి నీలాగే పైకి చదివాను.

కాగితం నా మాటల నోటుపుస్తకంలోనే ఉంది. అక్షరం పోకుండా రాస్తున్నాను: "పేజీ 3. 'చలికాపు' అనే మాట మేము ఎక్కడా వినలేదు. అచ్చుతప్పా? కాకపోతే అర్థం తెలియజేయగలరు. అందంగా ఉంది."

అంతే. మార్చమని ఎక్కడా లేదు. జాబితాలోంచి తీసేస్తామని లేదు. మంగళవారం నీకు రాసింది అబద్ధం. మేడమ్‌కి మే నెలలో చెప్పిందీ అబద్ధమే. కాగితం ఆవిడ ఇంకా చదవకముందే నా చేతికి ఇచ్చింది, "మార్చమంటున్నారు మేడమ్" అన్నాను, నా మాట నమ్మింది. నేను కావాలని అల్లలేదు నాయనమ్మా. "అచ్చుతప్పా?" అన్న చోట నా కళ్ళు ఆగిపోయాయి. ఆ తరవాతి మాటలు నిన్న నువ్వు అడిగాక చదివాను.

ఎందుకు ఆగిపోయాయో కూడా చెబుతాను, ఇది కూడా నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాలుగో తరగతి పరీక్షలో "చలికాపు తూర్పున ఉదయించును" అని రాశాను. లోకంలో దానికి వేరే మాట ఉందని వినకపోలేదు, కానీ ఇంట్లో అనేదే అసలు మాట, బయటివాళ్ళదే ముద్దుపేరు అనుకునేదాన్ని. పంతులమ్మ ఆ మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, నన్ను లేపి నిలబెట్టి, "ఏమమ్మా కొత్తకోడలా, ఎవరింటికి కాపరానికెళ్ళావు? మామగారు బాగున్నారా?" అంది. తరగతంతా బల్లలు చరిచి నవ్వింది. ఏడాదంతా నా పేరు కొత్తకోడలు. ఇంటికొచ్చి, లెక్కల్లో మార్కులు తగ్గాయని నీకు చెప్పాను. నువ్వు వేళ్ళ మీద లెక్కలు నేర్పించావు.

ఆ రోజునుంచి మాటలంటే నాకు పిచ్చి పట్టింది. సరైన మాట ఏదో ముందే తెలుసుకోవాలి, ఇంకెప్పుడూ ఎర్రసున్నా పడకూడదు అని ఒక్కొక్కటే పోగుచేసుకున్నాను. పన్నెండు నోటుపుస్తకాలు నిండాయి. వాటిలో నీ మాట లేదు. మొన్న మే నెలలో పంతొమ్మిది చోట్ల నేను కొట్టేసింది ఆ నాలుగో తరగతి పిల్లనే.

ఈ ఉదయం మేడమ్ గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను.

"ఎన్ని చోట్ల?" అంది.

"పంతొమ్మిది."

"సంతకం?"

"నేనే పెట్టాను."

కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. తరవాత, "ఇక్కడ చేరి ఏడాది అయింది కదా, నాకు దాహమేసినప్పుడు ఏం అడుగుతాను నిన్ను?" అంది.

"గ్లాసు తెమ్మంటారు."

"ఎందుకంటానో ఎప్పుడైనా ఆలోచించావా?"

అప్పుడు వెలిగింది నాకు. ఫకామిసా అన్న ఒక్కోసారి కావాలనే ఖాళీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, "అడిగింది తెచ్చాను మేడమ్" అంటాడు, ఆవిడ పెన్సిలు విసురుతుంది. ఏడాదిగా నవ్వుతున్నాను గానీ, ఆ గ్లాసులో ఉండేది ఆవిడ మామగారి పేరని ఒక్కనాడూ తట్టలేదు.

"పదహారేళ్ళయింది, ఆ మాట నా నోట రాలేదు. ఇన్ని పుస్తకాలు దిద్దాను, ఆ మాట కాగితం మీద చూస్తాను గానీ పైకి చదవను. నన్నడిగి ఉంటే ఒక్క వాక్యం జవాబు రాసేవాళ్ళం పిల్లా. ఒక్క వాక్యం!" అంది. ఆ తరవాత అరిచింది. అది రాయను. అరవడం న్యాయమే.

సోమవారం నుంచి నేను దిద్దే బల్ల దగ్గర కూర్చోకూడదు. ఫకామిసా అన్న దగ్గర పెట్టెలు కట్టాలి. ఎప్పుడు తిరిగి రావాలో ఆవిడ చెబుతుందట, ఎప్పుడని అడగకూడదట. "రా కొత్త కూలీ! తాడు ముడి వెయ్యడం వచ్చా, అది కూడా దొంగ ముడేనా?" అన్నాడు అన్న. నవ్వాడు గానీ నా భుజం తట్టాడు.

రెండు వేల పుస్తకాలు మళ్ళీ అచ్చు వేయలేరు. మధ్యాహ్నం లారీ వచ్చి ఎక్కించుకుపోయింది. మూడు వందల బళ్ళలో నీ మాట లేకుండానే తాబేలు కొండెక్కుతుంది నాయనమ్మా. దాన్ని నేను ఆపలేను. లారీ మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను. మళ్ళీ అచ్చువేసే రోజు వస్తే సరిచేస్తానని మేడమ్ సంఘానికి రాసింది, ఆ రోజు వస్తుందో రాదో.

మన బడి కోసం నలభై మాత్రం పక్కన తీసి ఉంచాం. నీ ఉత్తరం మేడమ్‌కి చూపించాను, క్షమించు. చదివి మడిచి నా చేతికిచ్చింది. "లైబ్రరీ పుస్తకంలో గీత గీసిన పిల్లల్ని ఇరవై ఏళ్ళుగా తిడుతున్నాను. రేపు నేనే గీయమని చెప్పబోతున్నాను" అంది. "వెళ్ళి పెన్సిళ్ళు చెక్కు" అంది.

నలభై చెక్కాను. ఇంకొకటి నాకు. రేపు తెల్లవారకముందే నాలుగింటికి వ్యాన్ బయలుదేరుతుంది, మేడమ్, ఫకామిసా అన్న, నేను. పదింటికల్లా బడి దగ్గర ఉంటాం. పిల్లల్లో ఒక్కొక్కరి చేతికీ ఒక పుస్తకం, ఒక పెన్సిలు ఇస్తాం. ఈ ఉత్తరం రాత్రికే నీకు అందేలా వెలీలే చేతికి ఇస్తున్నాను. నువ్వు నోటుపుస్తకం తెచ్చుకోకు. మూడో పేజీ తీసి, అచ్చులో ఏమున్నా చూడకుండా, నీ మాట పలికి ఆగు. వినపడింది ఒకటి, కనపడింది ఇంకొకటి అని వాళ్ళు తలెత్తి చూస్తారు. కొట్టేసి, పైన నీ మాట రాసుకునేదాకా ఆగు. తొందరపడకు, ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. నేను చివరి బల్ల మీద కూర్చుంటాను, అందరికంటే ముందు రాసేది నేనే.

నీ
కొత్తకోడలు
లిందెల్వా