కళ్ళు మూసుకున్న అరగంట

మార్చి 3

నల్లోడు మళ్ళీ ఉచ్చ చిమ్మాడు. ఈసారి నేను ప్రార్థన చేసుకునే గదిలో, కిటికీ కర్టెన్ మీద. కూర్చుని పోసినట్టు కాదు. వెనక్కి తిరిగి, తోక నిలబెట్టి, పిచికారీ కొట్టినట్టు. ఫినాయిల్‌తో తుడిచాను. రెండు వాసనలూ కలిసి ఇల్లు రైల్వే స్టేషన్‌లా ఉందన్నాడు మా అబ్బాయి.

ఇంట్లో మూడు పిల్లులు. బూడిద, చుక్క నావి. నల్లోడు కోడలితో పాటు వచ్చినవాడు. కళ్ళు తెరవని కూనగా దొరికితే దూదితో పాలు పట్టి పెంచుకుందట. వాడు చిమ్మినప్పుడల్లా బట్ట తీసుకుని నా పక్కనే తుడుస్తుంది. సారీ అత్తయ్యా, సారీ అత్తయ్యా అంటూ.

ఫర్వాలేదమ్మా అన్నాను. నా పిల్లులు ఏనాడూ ఇలా చేయలేదని కూడా అన్నాను. మెల్లగానే అన్నాను. మెల్లగా అన్నవే ఎక్కువ గుచ్చుకుంటాయని నాకు తెలుసు.

మార్చి 5

షూ రాక్. మళ్ళీ కర్టెన్.

మార్చి 6, తెల్లవారుజామున

ఎవరూ లేవకముందే రాస్తున్నాను. ప్రార్థన గది కిటికీ అవతల అరుగు మీద చెవి తెగినవాడికి అన్నం పెట్టి వచ్చాను. వాడు వీధి పిల్లి. ఒక ఆకలి నోటికి పెట్టి దేవుడి ముందు కూర్చుంటే నాకు మనసు నిమ్మళిస్తుంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. మూడు పిల్లులతో ఆపేస్తానని మా ఆయనకు మాటిచ్చాను. వీడు లోపలికి రాడు కదా. మాట తప్పినట్టు కాదు.

మార్చి 9

కోడలూ నేనూ నల్లోణ్ణి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళాం. ఒంట్లో జబ్బేమీ లేదన్నాడు. ఆపరేషన్ కూడా ఎప్పుడో అయింది. పిల్లులు పోసుకునే లిట్టర్ బాక్స్ పిల్లికొకటి, అదనంగా ఇంకొకటి పెట్టమన్నాడు. ఫినాయిల్ మానేసి, ఉచ్చ వాసనను పూర్తిగా పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ వాడమన్నాడు. వాసన మిగిలితే మళ్ళీ అక్కడికే వస్తాడట.

తర్వాత అడిగాడు, బయటి పిల్లి ఏదైనా కిటికీ దగ్గరకు వస్తుందా అని. అద్దంలోంచి కనబడినా చాలట. ఇది నా ఇల్లు, నువ్వు పో అని చెప్పడానికి చిమ్ముతాయట.

కోడలు నా వైపు చూసింది. అందరికంటే ముందు లేచేది నేనే కదా.

రాదండి అన్నాను.

దారంతా ఆ పిల్ల బుట్టలోకి వేలు పెట్టి వాడితో మాట్లాడుతూనే ఉంది. మరి నీకేం కష్టం వచ్చిందిరా నాన్నా అని.

మార్చి 10

ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తెరవలేదు.

అద్దానికి అవతల చెవి తెగినవాడు, నేను పెట్టిన అన్నం తింటున్నాడు. ఇవతల నల్లోడు, ఒళ్ళంతా ఉబ్బి, తోక వణుకుతూ. కర్టెన్ తడిసింది. నా చేతులు ఇంకా జోడించే ఉన్నాయి.

మార్చి 13

కొత్త బాక్సులు పెట్టాం. క్లీనర్ కొన్నాం. ఏమీ మారలేదు. ఎలా మారుతుంది?

నిన్న చెవి తెగినవాడికి అన్నం గిన్నె పెట్టలేదు. వాడు పంజాతో అద్దం గీకుతూ అరిచాడు. ఇల్లు లేస్తుందని భయపడి పెట్టేశాను. వాడి ఆకలికి కాదు, నా పరువుకు పెట్టాను.

అబ్బాయి ఆఫీసులో ఒకాయన నల్లోణ్ణి పెంచుకుంటానన్నాడట. ఆదివారం వస్తాడట. పోనీలే, పిల్లే కదా, మనిషా అన్నారు మా ఆయన టీ తాగుతూ. కోడలు కప్పు అక్కడే పెట్టేసి లేచి వెళ్ళిపోయింది.

మార్చి 14

చెప్పలేదు.

మార్చి 16, ఆదివారం

కోడలు నల్లోడి గిన్నె, దువ్వెన, తన పాత స్వెటర్ సంచిలో సర్దింది. ఎడమ చెవి వెనక గీరితే నిద్రపోతాడండి అని ఆ ఆఫీసాయనకు చెబుతోంది. ఆయన తల ఊపుతూ ఫోన్ చూసుకుంటున్నాడు.

అప్పుడు చెప్పాను. బయటి పిల్లి వస్తుంది, రోజూ వస్తుంది, అన్నం పెడుతున్నది నేనే అని. నా గొంతు ఎవరికీ వినబడలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి కంటే అదే కష్టం.

కిటికీకి అవతలైతే లెక్కలోకి రాదనుకున్నావా అన్నారు మా ఆయన. అబ్బాయి ముందు నవ్వాడు, కోడలి ముఖం చూసి ఆగిపోయాడు. ఆఫీసాయన, మరి నేను బయల్దేరనా అన్నాడు.

కోడలు ఒక్క మాటే అంది. డాక్టర్ అడిగినప్పుడు నేను మీ పక్కనే ఉన్నాను కదా అత్తయ్యా అని. బుట్ట తెరిచి వాణ్ణి ఎత్తుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

మార్చి 17

అన్నం గిన్నెను గేటు బయటికి మార్చాను. కిటికీ కింది అద్దాలకు తెల్ల కాగితం అంటించాను. కర్టెన్ ఉతికాను. కోడలు మాట్లాడలేదు. వడ్డిస్తే తింది. కూర బాగుందా అని అడగబోయి మానేశాను.

ప్రార్థనకు కూర్చున్నాను. క్షమించమని దేవుణ్ణి అడగడం మరీ తేలిగ్గా అనిపించింది. లేచిపోయాను.

మార్చి 24

ఇంట్లో ఎక్కడా తడి లేదు. నల్లోడు ఆ స్వెటర్ మీదే పడుకుంటున్నాడు. కోడలు అవసరమైనంత వరకే మాట్లాడుతోంది. అత్తయ్యా అని పిలవడం లేదు.

మార్చి 26

పొద్దున్నే అన్నం పట్టుకుని గేటు దాకా వెళ్ళాను. గిన్నె అప్పటికే నిండి ఉంది. చెవి తెగినవాడు తలెత్తకుండా తింటున్నాడు.

వెనక్కి వస్తే గడప దగ్గర తడి. మళ్ళీ నల్లోడే అనుకున్నాను. వంగి చూశాను. మంచుకు తడిసిన కోడలి చెప్పులు.