రెండిళ్ల మధ్య సందు

ఏప్రిల్ 27, ఆదివారం

బెడ్రూమ్ కిటికీ మూల దగ్గర మొదలైన పగులు ఇవాళ చూస్తే బీరువా వెనక దాకా వచ్చేసింది. ఏటవాలుగా, మెట్లు మెట్లుగా దిగుతోంది. మా ఆయన వేణు డ్యూటీ నుంచి రాగానే చూపించాను. షూస్ కూడా విప్పలేదు. పక్కింటి వైపు తిరిగి, అంతా రాఘవయ్యగారి బోరు పుణ్యమే అన్నాడు.

రాఘవయ్యగారిది కరీంనగర్ వైపు. బొగ్గు కంపెనీ ఆఫీసులో రిటైరై, బిలాస్‌పూర్ శివారు తిఫ్రాలో మా పక్క ప్లాట్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఒక్కరే ఉంటారు. నిరుడు వేసవిలో బోరు వేయించారు. ఆ మోతకి మా వంటింట్లో గిన్నెలు దొర్లిపోయాయి. తర్వాత కొన్నాళ్లకే ఈ పగులు. వేణు వెళ్లి గట్టిగా నాలుగు మాటలు అనొచ్చాడు. అప్పట్నుంచీ మాటల్లేవు.

ఏప్రిల్ 30

పగులు సంగతి తేలకుండా పైన గది వేయలేం. గది లేకపోతే అమ్మ నాగపూర్ పోవాలి. తమ్ముడికి అక్కడికి ట్రాన్స్‌ఫర్, అమ్మ ఉంటున్న వాడి క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. అమ్మకి బిలాస్‌పూర్ వదలడం ఇష్టం లేదు. మా దగ్గరే ఉండే మా అత్త అప్పయమ్మకి అంతకన్నా ఇష్టం లేదు. ఇద్దరూ ఒకే క్వార్టర్ లైన్లో కాపురాలు చేసినవాళ్లు. స్నేహం ముందు, వియ్యం తర్వాత. అమ్మని చిన్నమ్మి అంటుంది. చిన్నమ్మి ఎల్లిపోతే నానెవరితో దెబ్బలాడాలి అంటోంది అత్త.

మే 3

కాంట్రాక్టర్ వచ్చాడు. గోడని రెండుసార్లు తట్టి, పునాది పోయింది, ఆ వైపంతా తవ్వి మళ్లీ పొయ్యాలి అన్నాడు. రేపట్నుంచే మనుషుల్ని పెడతాడట. కారణం బోరేనట. వేణు మొహం వెలిగిపోయింది.

నాకు నచ్చలేదు. కొన్నాళ్లు ఆగమన్నాను. రైల్వే హాస్పిటల్లో నేను మందులిస్తాను. రోగమేంటో నేను చెప్పను. ఇక్కడ రోగం చెప్పేదీ మందిచ్చేదీ ఒకడే.

మే 6

హాస్పిటల్లో అడిగితే హరిప్రియ అనే స్ట్రక్చరల్ ఇంజినీర్ పేరు చెప్పారు. సీపత్ కరెంటు ప్లాంట్ పనుల్లో చేసి, ఇప్పుడు సొంతంగా ఇన్‌స్పెక్షన్లు చేస్తోంది. కాంట్రాక్టులు తీసుకోదు. ఫోన్ చేసి పగులు వర్ణించాను. చూడకుండా ఏమీ చెప్పనంది. అప్పుడే నచ్చింది.

చూసి చెప్పడానిక్కూడా ఫీజా అన్నాడు వేణు. తర్వాత తనే సరేనన్నాడు. రిపోర్ట్ తీసుకెళ్లి రాఘవయ్యగారి ముందు పెట్టొచ్చని ఆశ.

మే 11, ఆదివారం, మధ్యాహ్నం

హరిప్రియ పొద్దున్నే స్కూటీ మీద వచ్చింది. నా వయసే ఉంటుంది. మొదట పగులు జోలికే పోలేదు. డాబా ఎక్కింది, దిగింది, ఇంటి చుట్టూ తిరిగింది. ఇద్దరు కూలీల చేత గోడ పక్కన గొయ్యి తవ్వించి, తనే అందులోకి దిగి టార్చ్ వేసింది. మేం ముగ్గురం పైనుంచి తొంగిచూశాం. ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డట్టుంది.

పునాది బాగానే ఉందంది. లోతుంది, కాంక్రీటు గట్టిగానే ఉంది. మట్టి మాత్రం కన్హార్. ఆ నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. వీధివైపు మట్టి ఎండి నెర్రెలిచ్చింది. పక్కింటి వైపు మట్టి మాత్రం చేత్తో ముద్ద చెయ్యొచ్చు.

తర్వాత రెండిళ్ల మధ్య సందులోకి దూరింది. పిల్లి తప్ప ఎవరూ వెళ్లని చోటు. అక్కణ్ణుంచే అడిగింది: "ఇంత ఎండల్లో ఇక్కడ పాకుడెలా పట్టింది మేడమ్?"

తలెత్తి చూశాను. మా కిటికీలో కూలర్. ఎదురుగా వాళ్ల కిటికీలో కూలర్. రెండూ సందులోకి కారుతున్నాయి. రెండు డాబాల వాన గొట్టాలూ అందులోకే. సందు వాళ్లదని మేం, మాదని వాళ్లు, ఎవరం పట్టించుకోలేదు.

ఖాయంగా చెప్పాలంటే అవతలి గోడ కూడా చూడాలంది హరిప్రియ. వేణు నేల చూపులు చూశాడు. అత్త లేచి పనసపొట్టు కూర డబ్బాలో సర్దుకుంది. మీ మగాళ్ల గొడవతో నాకేటి పని అని గేటు తీసుకుని వెళ్లిపోయింది.

మే 11, సాయంత్రం

ఇది వివరంగా రాయాలి.

రాఘవయ్యగారి గదిలో ఒకే గోడకి మూడు క్యాలెండర్లున్నాయట, ఒకదాని కింద ఒకటి. అందులో ఒకటి నిరుటిది. నెల మార్చరేటి బాబూ అంటూ అత్త దాన్ని ఎత్తేసింది. వెనకాల పగులు. అచ్చం మా పగులే, అటు తిరిగి ఉంది.

అత్త గుమ్మంలోంచే నన్ను కేకేసింది. హరిప్రియా నేనూ వెళ్లాం. వెనకాలే వేణు. రాఘవయ్యగారు కుర్చీలో కూలబడి ఉన్నారు.

"నా బోరే రెండిళ్లూ పగలగొట్టిందనుకున్న బిడ్డా. ఏ మొహం పెట్టుకుని మీకు చెప్పాలె?"

నిరుటి నుంచీ ఆ మోటారు వెయ్యనేలేదట. వీధి కుళాయి నీళ్లు బకెట్లతో మోసుకుంటున్నారు. మేమేమో పొద్దున్నే మొహం తిప్పుకుని పోయే మనిషని అనుకున్నాం. చేతిలో బకెట్లుంటే మనిషి తలెత్తి ఎలా చూస్తాడు.

హరిప్రియ బోరు కూడా చూసింది. పెరటి చివర ఉంది. దీనికీ గోడలకీ సంబంధం లేదు, వాడుకోండి అంది. ఆయన నిజమేనా అని అడిగారు. ఆమె మళ్లీ చెప్పింది. వేణు వెళ్లి మోటారు స్విచ్ వేశాడు. కాసేపు మట్టి నీళ్లు, తర్వాత తేట నీళ్లు. వేణు ఆ కుళాయి దగ్గరే నిలబడి, ఆయన వైపు చూడకుండా, తప్పయిపోయింది అంకుల్ అన్నాడు. ముందు కూర తిందాం రమ్మన్నారాయన.

మే 17

రిపోర్ట్ వచ్చింది. సందులో నీళ్లు ఇంకి, రెండిళ్లకీ ఆ వైపు మట్టి ఉబ్బి గోడలు చీలాయట. సందులో వాలు పెట్టి కాంక్రీటు పొయ్యాలి. గొట్టాలు వీధి కాలవలోకి తిప్పాలి. కూలర్లు ముందువైపుకి మార్చాలి. పునాది ముట్టుకోనక్కర్లేదు. ఒక వానాకాలం చూసి, పగులు పెరగకపోతే పైన గది వేసుకోవచ్చు.

అంటే దసరా దాటాక. అమ్మకి అంతదాకా క్వార్టర్ ఉండదు. అత్త అన్నం సరిగా తినలేదు.

మే 18

రాఘవయ్యగారే వచ్చారు. పైన పోర్షన్ ఎప్పట్నుంచో ఖాళీగా ఉందట. పగులున్న ఇల్లు అద్దెకెలా ఇవ్వనని ఊరుకున్నారట. మీ గది అయ్యేదాకా అమ్మగారు అక్కడ ఉండొచ్చు కదా అన్నారు.

అత్త చీపురు పట్టుకుని వాళ్ల మేడ ఎక్కేసింది.

జూన్ 1

అమ్మ దిగింది. అప్పుడే అత్తకీ అమ్మకీ పప్పు తాలింపు దగ్గర గొడవైంది. ఇద్దరూ చాలా హుషారుగా ఉన్నారు.

జూన్ 19

సందులో కాంక్రీటు పోశాక మొదటి పెద్ద వాన. రెండిళ్ల వాళ్లం గొడుగులేసుకుని సందు చివర నిలబడి, నీళ్లు గలగలా వీధిలోకి పోతుంటే చూశాం. దారినపోయే ఆయనెవరో ఆగి, ఏం చూస్తున్నామో అని తనూ చూడ్డం మొదలుపెట్టాడు. రాఘవయ్యగారు జరిగి ఆయనక్కూడా గొడుగు పట్టారు.