అల్లుడుగారు తూలినప్పుడు

ఏవండీ, నా మోకాలి గురించి బెంగపెట్టుకోకండి, నొప్పి తగ్గింది. అమ్మాయి పోరు పడలేక నేనూ అల్లుడుగారూ పొద్దున్నే పార్కులో తాయ్ చీ అనే నెమ్మది వ్యాయామం నేర్చుకుంటున్నాం. నడుము నిటారుగా ఉంచి, బరువంతా ఒక కాలి మీదకి మార్చుకున్నాకే రెండో కాలు కదపాలి. నిన్న ఆయన బరువు మార్చకుండానే కాలెత్తి తూలిపోయారు. "అత్తయ్యా!" అంటూ నా భుజం పట్టుకున్నారు. నేను ఇంచైనా కదల్లేదు! పెళ్లయినప్పట్నుంచీ నా ముందు నోరు విప్పని మనిషి, ఇంటిదాకా నవ్వుతూ ఒకటే కబుర్లు. నా ప్రాణం కుదుటపడింది.

కుక్కర్ గాస్కెట్ మార్పించారా? బీపీ మాత్రలు మానకండి. నా గుడ్డ బూట్లు పంపండి, చెప్పులు జారుతున్నాయి.

ఉంటాను. కింద చోటు అల్లుడుగారికి వదిలాను. మీకు నమస్కారాలు తనే రాస్తారట.